ఇంటర్వెల్ దాకా

రవళీ,
కరెంటు బిల్లు ఎనక రాసిచ్చిన లిస్టు
ఉన్నదా, పారేసినవా?
పరీక్షలయినయి గద, ఇగ చూడు.

మొదటిది, నల్ల కోటాయన
రైలు స్టేషన్ల మూట పట్టుకొని కూసునే సినిమా.
పేరు యాదికి లేదు.
నీ ఫోన్ల స్టేషను, మూట, వాన అని కొట్టు, వస్తది.
రెండోది, కండ్లు కానరాని పిల్ల
మిద్దె మీద గాలిపటం ఎగరేసేది.
మూడోది వద్దు, కొట్టేసిన.
మీ నాన్నతోని చూసిన, బాగలేదు.
సినిమానే అంటున్న.

పుస్తకాలంటవా,
ఆదివారం ఆబిడ్స్‌ల, మూసిన షాపుల ముందట
ఖాజా మియా గోనెపట్ట పరిచేటోడు.
ఆఖరి పేజీలు ఊడినయన్నీ ఒక పక్కకు,
ఏది తీసుకున్నా అయిదు రూపాయలు.
"ఆఖర్ల ఏముంటదమ్మా, పెండ్లో చావో" అనేటోడు.
బీరువల ఎర్ర అట్ట డిటెక్టివ్ నవల అట్లా వచ్చిందే.
రెండొందల పద్నాలుగో పేజీల
ఇన్‌స్పెక్టర్ తలుపు మీద చెయ్యేసిండు.
అంతే, ఆడికి దారం ఊడింది.
ఇరవై ఏండ్ల సంది నేనే ఆ తలుపు తీస్తున్న,
కుక్కర్ మూత తీసేటప్పుడు గూడ.
నా లెక్కల వంటమనిషే చంపింది.

నవ్వకు.
మీ తాత ముషీరాబాద్‌ల
థియేటర్ గేటు కాడ టికెట్లు చింపేటోడు.
ఇప్పుడాడ ఫంక్షన్ హాలు.
లైట్లు ఆర్పంగనే నన్ను లోపటికి తోలి
నేల క్లాసుల గోడకు కూసోవెట్టేటోడు.
ఇంటర్వెల్‌ల మేనేజర్ తలకాయలు లెక్కవెడ్తడు,
వెలుగు వడకముందే నేను బయటవడాలె.
నలభై సినిమాలు చూసిన,
నలభై సగాలు.

మిగిలిన సగం
పార్శిగుట్ట దాకా నడుసుకుంట నేనే తీసుకున్న.
ఇరానీ హోటల్ కాడ ఫైటింగు,
మా గల్లీ మలుపు మీద పెండ్లి.
ఒక్కర్ని గూడ సావనియ్యలే.
నల్ల కోటాయనకు రైలు దొరికిచ్చిన,
మూట విప్పితే అండ్ల వాళ్లమ్మ చీర.
నీ చిన్నప్పుడు అన్నం తినకుంటే
గా కథనే చెప్పిన గద.

సీరియలేమో సుగుణక్క ఇంట్ల చూసేది.
ఎనిమిదిన్నరకు వాళ్లాయనొచ్చి వార్తలు పెడ్తుండె.
కోర్టుల జడ్జి ఇంక నోరు తెరుసుకొనే ఉన్నడు.
అది నీకు దొరకదు, పోనీ.

*

నిన్న రాత్రి దుప్పట్ల ఫోన్ వెట్టుకొని చూసినవు.
ముక్కు చీదుడు ఇనవడ్డది.
పొద్దుగాల ఇడ్లీ ఏసుకుంట అడిగిన,
రైలు దొరికిందానె ఆయనకు?
"దొరికిందమ్మా" అన్నవు, చట్నీ దిక్కు చూసుకుంట.
మూటల?
"నువ్వు చెప్పినట్టే, చీర."

టికెట్లు చింపినాయన మనుమరాలివి,
అబద్ధం సక్కగ చింపరాదానె నీకు!
మారు మాట్లాడలే నేను.
ఇంకో ఇడ్లీ ఏసిన.
అయ్యో, ఇన్నేండ్లు ఆ మనిషి
నా దగ్గర బతికే ఉండె.

*

ఇయ్యాల గాలిపటం సినిమా ఇద్దరం చూద్దమన్నవు.
పప్పుడబ్బకు ఫోన్ ఆనిచ్చినవు.
పిల్ల దారం ఇడుస్తున్నది,
గాలి ఎటు దిక్కున్నదో చెంపతోని చూస్తున్నది.
గప్పుడు తెర మీద "విశ్రాంతి" అని వడ్డది.

ఎప్పుడు లేసిన్నో నాకే తెల్వదు.
తలుపు కాడ ఉన్న,
ఒక కాలుకు చెప్పు తొడిగిన.
"యాడికమ్మా?" అన్నవు.
మన ఇంట్ల, రెండో అంతస్తుల,
రాత్రి పదకొండు గంటలకు
మేనేజర్ వస్తడని ఎట్ల చెప్పాలె నీకు?

నువ్వేమడగలే.
నన్ను పట్టుకొచ్చి కూసోవెట్టి
నా కొంగు నీ మోకాలు కిందికి అదుముకొని
ఫోన్ మళ్ల నొక్కినవు.

చెప్పు ఇప్పుడు మర్సిపోయిన.
సినిమా అయ్యేదాకా
ఒక కాలుకు అట్లనే ఉండె.